పగిలిందా... కారిందా?

తాళం తీసి తలుపు నెట్టగానే ముందు చెప్పు ఎదురొచ్చింది. గుమ్మం లోపల విడిచి వెళ్లిన హవాయి చెప్పుల్లో ఒకటి నీళ్ల మీద తేలుతూ వచ్చి ఆవిడ కాలి దగ్గర ఆగింది. ఒక చేతిలో అరిసెల డబ్బా, ఇంకో చేతిలో ఊరి నుంచి తెచ్చిన బియ్యం సంచి. ఆవిడ అలాగే నిలబడిపోయింది. లోపల వాన పడుతున్న చప్పుడు. జనవరి నెలలో, హైదరాబాద్‌లో, మూడో అంతస్తు పడగ్గదిలో వాన!

2025 జనవరి 17, శుక్రవారం. కనుమ వెళ్లి రెండ్రోజులు. నిజాంపేటలోని ఆ అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లకు ఇంకా తాళాలే. సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుందంటారు కదా, ఆ బిల్డింగూ అంతే. ఆవిడ రేపల్లె దగ్గర సొంతూరికి వెళ్లింది. పై ఫ్లాటులో అద్దెకుంటున్న కుర్ర జంట విజయనగరం వెళ్లారు.

ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పింది. అపార్ట్‌మెంట్‌లో అందరికీ ‘టీచరమ్మ’. భర్త పోయి ఆరేళ్లు. కొడుకు బెంగళూరులో ఉంటాడు. అలాంటి మనిషికి కష్టమొస్తే మొదట పరిగెత్తుకొచ్చేది ఎవరు? వాచ్‌మనే.

‘‘లోపలికెళ్లకండమ్మా, ముందు కరెంటు తియ్యనీండి’’ అంటూ అతను కిందికి పరిగెత్తి మీటరు బోర్డు దగ్గర ఫ్యూజు పీకాడు. ఆ పూట అందరూ చేసిన పనుల్లో తెలివైంది అదొక్కటే. తర్వాత టెర్రస్ మీదకి వెళ్లారు. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపులు ఎనిమిది, వాటికి వాల్వులు ఎనిమిది. ఏ వాల్వు ఏ ఇంటిదో వాచ్‌మన్‌కి తెలీదు, బిల్డరెప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒక్కొక్కటే తిప్పడం, కిందికొచ్చి చెవి పెట్టి వినడం, మళ్లీ పైకెక్కడం. చివరికి విసుగొచ్చి ఎనిమిదీ కట్టేశారు. వాన ఆగడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా సబ్బు నురగతో బాత్రూముల్లో ఉన్నవాళ్లు అరిచిన అరుపులు వేరే కథ.

పడగ్గదిలో ఫాల్స్ సీలింగ్ సగం ఊడి మంచం మీద పడి ఉంది. జిప్సం బోర్డు తడిస్తే బియ్యప్పిండి ముద్దలా అయిపోతుంది. గోడ కప్‌బోర్డుల తలుపులు ఉబ్బి మూసుకుపోయాయి. పరుపు ఎత్తబోతే నలుగురు పట్టాల్సొచ్చింది. కప్‌బోర్డు కింది అరలో ఆయన నోటు పుస్తకాలున్నాయి. ఆవిడ ఆ తలుపు వంక చూసి, అప్పుడే తెరవలేదు.

మధ్యాహ్నానికి పై ఫ్లాటు తాళం చెవి దొరికింది. గీజరుకు నీళ్లిచ్చే కనెక్షన్ పైపు, అదే, పైన స్టీలు అల్లిక, లోపల రబ్బరు గొట్టం ఉండేది, నట్టు దగ్గర చీలిపోయింది. ప్లంబరు దాన్ని వేలితో విదిలించి చూపించాడు. ‘‘బోరు నీళ్లకి నట్టు తినేసిందమ్మా. ఇళ్లలో ఎవరూ లేరు కదా, వాడకం లేక ప్రెషర్ అంతా దీని మీదే పడింది. పట్’మని పోయుంటుంది.’’ పైపు ఖరీదు రెండు వందలు కూడా ఉండదు.

సాయంత్రం ఫోన్లో కొడుకు అన్నాడు, ‘‘అమ్మా, మనకి ఇన్సూరెన్స్ ఉండాలే... లోను ఫైల్లో చూడు.’’

ఉంది. 2021లో ఫ్లాటు కొన్నప్పుడు బ్యాంకువాళ్లు లోనుతోపాటే అంటగట్టిన పదేళ్ల పాలసీ. ‘ఇదెందుకయ్యా, కాంక్రీటు ఇల్లు తగలబడుతుందా’ అని ఆవిడ అప్పట్లో గొణుక్కుంది కూడా. 2024లో ఊళ్లో చెక్క పొలం అమ్మి అప్పు తీర్చేశారు. అప్పుతోపాటే పాలసీ సంగతీ మర్చిపోయారు. మనలో చాలామందికి ఇంటి బీమా ఇలాగే ఉంటుంది. ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఫైలుకి తెలుసు!

నిజానికి ఇళ్ల బీమా కొంత సులువైంది ఈ మధ్యనే. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే మూస పాలసీ తెచ్చింది. కంపెనీ ఏదైనా అసలు షరతులు అవే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరదలతోపాటు ఆ జాబితాలో ఇంకోటి ఉంది. నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగిపొర్లడం. టీచరమ్మ పాలసీలో ఇంటికి 25 లక్షలు, సామాన్లకు అందులో 20 శాతం, అంటే 5 లక్షలు రాసి ఉంది. ఫ్లాటు 70 లక్షలు పెట్టి కొంటే 25 లక్షలే ఏమిటని కొడుకు కంగారుపడ్డాడు గానీ, ఆవిడకి వెంటనే అర్థమైంది. బీమా కట్టడానికయ్యే ఖర్చుకే గానీ నిజాంపేట నేల ధరకి కాదు. వెయ్యి చదరపుటడుగులు, అడుగుకి 2,500. లెక్క సరిపోయింది.

కాల్ సెంటర్ అమ్మాయి అడిగింది, ‘‘మేడమ్, ఏం జరిగిందో చెప్పండి.’’

‘‘పైనుంచి నీళ్లు కారాయమ్మా. ఇల్లంతా పాడైపోయింది.’’

అమ్మాయి టకటకా టైపు చేసుకుంది. నంబరు ఇచ్చింది. పండగ శుభాకాంక్షలు కూడా చెప్పింది. టీచరమ్మ స్థిమితపడి, మర్నాడు పొద్దున మున్సిపాలిటీ ఆటో వస్తే పరుపు ఎత్తించి పారేయించింది. వాసన భరించలేక.

ఆ రెండు పనులూ పొరపాట్లేనని చెప్పినవాడు ఆవిడ దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు. కుర్రాడంటే... ఇప్పుడు రిటైరైపోయాడు, బీమా ఆఫీసులో పాతికేళ్లు పనిచేసి. ‘‘టీచర్ గారూ, కారింది అన్నారా? అయ్యో! మన తెలుగులో అన్నిటికీ లీకైంది, కారింది అనే అంటాం. బీమాలో అవి రెండు వేరు. పైపు ఒక్కసారిగా పగిలితే డబ్బొస్తుంది. గోడలోంచి నెలల తరబడి చెమ్మ దిగితే అది ఇంటి మరమ్మతు కిందికి వస్తుంది, మన ఖర్చే. మీరు కారింది అంటే ఆ అమ్మాయి సీపేజీ అని కొట్టుంటుంది, చూసుకోండి.’’

చూస్తే నిజంగానే ఫోన్‌కి వచ్చిన మెసేజీలో అదే మాట ఉంది.

‘‘పరుపు కూడా పారేశారా! నష్టం ఇంకా పెరక్కుండా చూసుకోవడం మన బాధ్యతే గానీ, పారేసేముందు ఫొటో తీసుకోవాలి కదా.’’ ఫొటో ఉంది, అదృష్టం. వాచ్‌మన్ కొడుకు ఆ పూట సరదాగా వీడియో తీశాడు. నలుగురు మనుషులు నీళ్లోడుతున్న పరుపును మోయలేక మెట్ల మీద జారడం, వెనకాల నవ్వులు. ఆ నవ్వుల వీడియోనే తర్వాత సాక్ష్యమైంది.

ఆ రాత్రి ఆవిడ కప్‌బోర్డు తలుపు తీసింది. ఆయన తెలుగు పండితుడు. కృష్ణా డెల్టా ఊళ్లలో కాలువల మీద, పొలాల్లో రైతులు వాడే మాటలు పోగుచేస్తూ పోయాడు. మొత్తం పదకొండు నోటు పుస్తకాలు. ఎప్పటికైనా అచ్చు వేయిద్దామనుకున్నాడు. తూము, లాకు, అలుగు, గండి... అన్నీ నీళ్ల మాటలే. పాత పుస్తకాల్లో ఫౌంటెన్ పెన్ను రాత నీలి మరకై కరిగిపోయింది. బాల్‌పెన్నుతో రాసిన తర్వాతి పుస్తకాలు తడిసినా అక్షరం నిలబడింది.

మర్నాటికి పై ఫ్లాటు అమ్మాయి ఊరి నుంచి వచ్చేసింది. గుమ్మంలో నిలబడి ఏడుపు మొహంతో ‘‘ఆంటీ, మేం వెళ్లేటప్పుడు గీజరు ఆపేం, నీళ్లు ఆపలేదు’’ అంది. తర్వాత పుస్తకాలు చూసి, తడి కాగితం బూజు పట్టకుండా ఫ్రీజర్లో పెడతారని, తర్వాత కొంచెం కొంచెంగా తీసి ఆరబెట్టుకోవచ్చని ఎక్కడో చదివానంది. దోసెల పిండి గిన్నె తీసి బయట పెట్టి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఆరు పుస్తకాలు ఫ్రీజర్లో సర్దారు. మిగతావాటికి పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి ఫ్యాను కింద. రోజూ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి పేపర్లు మార్చేది.

మూడో రోజు సర్వేయరు వచ్చాడు. సర్వేయరంటే కంపెనీ ఉద్యోగి కాదు. ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో నష్టాన్ని లెక్కకట్టే మనిషి, ఫీజు మాత్రం కంపెనీ ఇస్తుంది. అది తెలియక మనవాళ్లు ఆయన్ని పెళ్లివారిలా చూస్తారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రెటరీ గారు అయితే ఇడ్లీ కూడా తెప్పించాడు. ఆయన తినలేదు. టేపుతో కొలిచాడు, ఫొటోలు తీశాడు, చీలిన పైపును కవర్లో వేసుకున్నాడు. వెళ్లబోతూ పడమటి గోడ దగ్గర ఆగాడు. కిటికీ పక్కన రంగు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది.

‘‘ఇదెప్పటిది మేడమ్?’’

‘‘అన్నీ మొన్నటివే సార్! పండక్కి ముందు గోడ అద్దంలా ఉండేది’’ అన్నాడు సెక్రెటరీ, ఆవిడ నోరు తెరిచేలోగా.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ‘‘కాదండీ. ఆ మచ్చ దసరా నుంచి ఉంది. పై బాత్రూము టైల్స్ సందుల్లోంచి దిగుతోంది.’’

సర్వేయరు రాసుకున్నాడు. సెక్రెటరీ ఆ తర్వాత వారం రోజులు ఆవిడతో సరిగా మాట్లాడలేదు. శిష్యుడు కూడా ఫోన్లో నొచ్చుకున్నాడు, ‘‘అడిగినదానికి చెప్తే చాలు కదా టీచర్ గారూ!’’ ‘‘అడిగాడయ్యా’’ అంది ఆవిడ.

ఇక్కడ సెక్రెటరీ గారిని పూర్తిగా తప్పుపట్టలేం. బీమా కంపెనీ ఎలాగూ కోత కోస్తుందని, ముందే పెంచి చెప్పాలని మనలో చాలామంది నమ్మకం. కూరగాయల బండి దగ్గర బేరంలాగే. ఆయన ఆవిడ మేలే కోరాడు. అయితే ఆ గోడ కోసం అబద్ధమాడి ఉంటే మిగతా గదిని కూడా ఎవరు నమ్ముతారన్నది ఆయనకి తట్టలేదు. ఆవిడకి మాత్రం అంత దూరపు ఆలోచన ఉందా అంటే, లేదు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత ‘దత్తాంశం’ రాయించిన అలవాటు, అంతే.

ఫిబ్రవరి రెండో వారంలో ఆ నిజానికి ఫలితం వచ్చింది. కంపెనీ నుంచి ఉత్తరం. చాలాకాలంగా దిగుతున్న చెమ్మ వల్ల జరిగిన నష్టం పాలసీ కిందికి రాదు, కాబట్టి మీ క్లెయిము ఎందుకు మూసేయకూడదో వారం రోజుల్లో చెప్పండి, అని సారాంశం. ఫోన్లో ఆవిడ చెప్పిన ‘కారింది’, గోడ దగ్గర చెప్పిన ‘దసరా’ రెండూ కలిపి వాళ్లు ఒక్క కథ చేసేశారు. ఆ ఉత్తరం చదివి ఆవిడ మొదటిసారి కుంగిపోయింది. లక్షా ఎనభై వేల పైచిలుకు ఖర్చు. పెన్షన్ మనిషి.

ఇంకో పక్క ఇంకో కాగితం. పై ఫ్లాటు సొంతదారు డాలస్‌లో ఉంటాడు. వాట్సాప్‌లో క్షమాపణ చెప్పి, యాభై వేలు పంపిస్తానన్నాడు. సెక్రెటరీ తన లెటర్ హెడ్ మీద రాజీ కాగితం రాసి తెచ్చాడు. ఈ విషయంలో ఇకపై ఎవరి మీదా ఏ హక్కూ కోరను, అని కింద టీచరమ్మ సంతకం పెట్టాలి. ఆ యాభై వేలు చేతికొస్తే కనీసం సీలింగయినా వేయించుకోవచ్చు. పైగా ఆవిడకి ఇంకో బెంగ. బీమా డబ్బిచ్చాక కంపెనీ ఆ నష్టానికి కారణమైనవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చట. నోటీసు కింద పైవాళ్లకి వెళ్తే? ఆ ఓనరు మండిపడి కుర్ర జంట అడ్వాన్సు పట్టుకుంటే? రోజూ వచ్చి పేపర్లు మార్చే పిల్ల...

శిష్యుడు ఈసారి స్వయంగా వచ్చాడు. ‘‘సంతకం పెట్టకండి. మీ హక్కు మీరు వదులుకుంటే కంపెనీ హక్కు కూడా పోతుంది, ఆ వంకతో మీ క్లెయిము ఆపేస్తారు. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోవడమూ కుదరదు. ఇక నోటీసంటారా, గీజరు పైపు ఓనరు బిగించింది. అద్దెవాళ్లది కాదు. ఆ సంగతి మీరు ఉత్తరంలోనే రాయండి.’’

ఉత్తరం రాయడానికి కూర్చుంటే వాచ్‌మన్ ఇంకో నోటు పుస్తకం తెచ్చాడు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని అసోసియేషన్ అతని చేత రాయిస్తున్న బోరు మోటారు లెక్క. ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు. మామూలు రోజుల్లో రెండుసార్లు. జనం లేని పండగ మూడు రోజులూ ఒక్కోసారే. జనవరి 15 బుధవారం రాత్రి నుంచి మాత్రం రోజుకి ఐదుసార్లు. ‘‘చుట్టాలొచ్చారేమో అనుకున్నానమ్మా’’ అన్నాడు తల గోక్కుంటూ. ఆవిడ ఆ అంకెల వంక చూసి చిన్నగా నవ్వుకుంది. పైపు ఎప్పుడు పగిలిందో రాసి పెట్టినట్టే ఉంది, రాసినవాడికే తెలీకుండా.

ఇంతలో ఆరబెట్టిన ఏడో నోటు పుస్తకంలో ఆయన రాత కనిపించింది. గండి అంటే కట్ట ఒక్కచోట ఉన్నట్టుండి తెగడం. జాలు అంటే కట్ట తెగకుండానే నీళ్లు అడుగు నుంచి మెల్లగా పారి నేలను చిత్తడి చేయడం. రైతులు రెంటికీ వేర్వేరు మనుషుల్ని పిలుస్తారు, వేర్వేరు పనిముట్లు తెస్తారు. అది చదివాక ఆవిడకి ఉత్తరం కుదిరింది.

రెండు పేజీలు. ఈ ఇంట్లో రెండు రకాల నీళ్లున్నాయి, అని మొదలు పెట్టింది. పడగ్గది పటం గీసింది. పడమటి గోడ మీద దసరా నాటి మచ్చకి ఒక రంగు, జనవరి 15 రాత్రి పైపు పగిలి తడిసిన కప్పుకి, తూర్పు గోడకి, కప్‌బోర్డులకి ఇంకో రంగు. రెంటికీ మధ్య దూరం అడుగుల్లో. మొదటి రంగుకి నాకు పైసా అక్కర్లేదు, రెండో రంగుది మీరివ్వాలి, అని రాసింది. ప్లంబరు రాసిచ్చిన చీటీ, మోటారు లెక్క నకలు, పరుపు వీడియో జతచేసింది. చివర్న ఇంకో వాక్యం. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం సర్వేయరు నివేదికకి 15 రోజులు, నివేదిక అందాక నిర్ణయానికి 7 రోజులు గడువు. ఈ రోజుకి 29 రోజులైంది, గమనించగలరు.

అది కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా పంపింది. అక్కడా కాకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫీజు లేదు, లాయరక్కర్లేదు, 50 లక్షల దాకా తగువు తీరుస్తాడు, ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఐఆర్‌డీఏఐ పెద్దాఫీసు కూడా నానక్‌రామ్‌గూడలోనే. ‘మరీ అవసరమైతే సిటీ బస్సెక్కి వెళ్లొస్తా’ అని కొడుకుతో అంది. వెళ్లాల్సిన పని పడలేదు.

మార్చి 19న లెక్క తేలింది. ఫాల్స్ సీలింగ్ 48,000, కప్‌బోర్డులు 72,000, వైరింగ్ 14,500, రంగులు 31,000, పరుపు 18,000. మొత్తం 1,83,500 అడిగింది. పాడవని రెండు తలుపులకి 14,000, బిల్లు లేని పరుపులో 6,000, పడమటి గోడ రంగుకి 9,500 తీసేసి 1,54,000 మంజూరు చేశారు. తీసేసిన ప్రతి అంకె పక్కనా కారణం ఉంది. ఆవిడ మూడు కారణాలూ సరిచూసుకుని, ఒప్పుకుంది.

డబ్బు రావడానికి ఇంకో నెల. పాలసీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉండటంతో, మాకు అభ్యంతరం లేదని బ్యాంకు రాసివ్వాలన్నారు. అప్పు తీరిపోయింది కాబట్టి ఫైలు గోడౌనుకి వెళ్లిపోయిందని బ్యాంకువాళ్లన్నారు. మూడుసార్లు తిరిగింది. అప్పు తీర్చిన రోజే పాలసీ మీద బ్యాంకు పేరు తీయించుకోవాలని, ఆ తర్వాత అపార్ట్‌మెంట్‌లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పడం మొదలెట్టింది.

నోటు పుస్తకాలకి ఏమీ రాలేదు. రాతప్రతులు, కాగితాలు, దస్తావేజులు పాలసీలో చేరవని సర్వేయరు మొదటి రోజే చెప్పాడు. ఆవిడా వాటిని జాబితాలో రాయలేదు. పదకొండింటిలో ఏడు నిలిచాయి. నాలుగు పోయాయి. పోయినవాటిలో కొన్ని మాటలు ఆవిడకి గుర్తున్నాయి, కొన్ని ఊళ్లో ముసలి రైతుల్ని అడగాలి. పై ఫ్లాటు అమ్మాయి మిగిలినవన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టింది.

డాలస్ ఆయనకి ఇంతవరకూ నోటీసు రాలేదు. యాభై వేలు ఆవిడ వద్దంది. కంపెనీ తీసేసిన పడమటి గోడ 9,500 మాత్రం ఇవ్వమంది. అది బీమా ఇచ్చింది కాదు కాబట్టి అందులో తప్పులేదని శిష్యుణ్ని అడిగి మరీ తెలుసుకుంది. బాత్రూము టైల్స్ సందులు కూడా ఆయన ఖర్చుతోనే పూడ్చారు. గోడ ఆరడానికి వేసవి అంతా పట్టింది.

మే నెలలో ఒక ఆదివారం వాచ్‌మన్ ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని టెర్రస్ ఎక్కాడు. టీచరమ్మ కింద వరండాలో నిలబడింది. అతను ఒక్కో వాల్వు కట్టడం, ఆవిడ ఏ ఇంట్లో కొళాయి ఆగిందో కేకేసి చెప్పడం. ఎనిమిది వాల్వులకీ నంబర్లు పడేసరికి పదకొండయింది. సెక్రెటరీ గారు కాఫీ పంపించాడు.